గిన్నె ఏది ఇప్పుడు?

ఆదివారం. ఆరున్నరకే రేణిగుంట రోడ్డులో మేస్త్రీ షెడ్డుకు చేరాను. పిలవకపోయినా నాయన కూడా వచ్చాడు. బండి ఆయనది మరి. 1978 ప్రీమియర్ పద్మిని కారు, నేను పుట్టకముందు నుంచే మా ఇంట్లో ఉంది.

ఇంజన్ మార్చి నెలైంది. 1089 సీసీ పాత ఇంజన్ దించి మారుతి జిప్సీ ఎంపీఎఫ్ఐ ఇంజన్ పెట్టాం. పాతదానిలో గాలీ పెట్రోలూ కలిపే కార్బొరేటర్ ఉండేది, ఇందులో దాని బదులు ఇంజెక్టర్లు పెట్రోలు చిమ్ముతాయి. 1298 సీసీ, 16 వాల్వులు, 80 హార్స్‌పవర్. పాతదానికి దాదాపు రెట్టింపు. జిప్సీదే ఎందుకంటే అదీ పద్మిని ఇంజన్ లాగే బండి పొడవునా కూర్చుని వెనక చక్రాలను తిప్పుతుంది. ముందు చక్రాలకూ శక్తిని పంచే ట్రాన్స్‌ఫర్ కేసు విడిగా ఉంటుంది కాబట్టి దాన్ని వదిలేసి గేర్‌బాక్సు నుంచే షాఫ్ట్ కలుపుకోవచ్చు. ఇంజన్ మార్చాలంటే 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కింద ముందే అనుమతి తీసుకోవాలి. అందుకని ఆ కాగితం చేతికొచ్చాకే పాతది దించాం.

పోయిన వారం తిరుచానూరు రోడ్డులో మలుపు తిరుగుతుంటే బండి దగ్గి ఆగిపోయింది. నేరుగా పోతే ఏమీ లేదు. ట్యాంకు నిండుగా ఉంటే మలుపులోనూ ఏమీ లేదు. సెన్సార్ అని ఒకరు, ఈసీయూ, అంటే ఇంజన్‌ను నడిపే కంప్యూటర్ అని ఇంకొకరు. రెండు రోజులు వైర్లు తడుముతూ కూర్చున్నాం. రాత్రి పడుకున్నా అదే టెన్షన్.

ఈ రోజు మేస్త్రీ డిక్కీలోకి తొంగి చూసి, "వైరు కాదు సామీ. కార్బొరేటర్లో గిన్నె ఉండేది కదా, అది ఏది ఇప్పుడు?" అన్నాడు.

ఆ ఒక్క మాటతో నాకంతా అర్థమైంది. మలుపులో పెట్రోలు ట్యాంకులో ఒక పక్కకు పోతుంది, గొట్టం గాలి పీలుస్తుంది. పాత సోలెక్స్ కార్బొరేటర్‌లో ఫ్లోట్ చాంబర్ ఉండేది, మేస్త్రీ అన్న గిన్నె అదే. అందులో కాస్త పెట్రోలు ఎప్పుడూ నిలవ ఉంటుంది కాబట్టి రెండు క్షణాలు సరఫరా ఆగినా ఇంజన్‌కు తెలిసేది కాదు. ఇంజెక్టర్లకు ఆ నిలవ లేదు. వాటికి దాదాపు 3 బార్ ఒత్తిడి ఎడతెగకుండా అందాలి. పంపులోకి గాలి పోయిందా, ఒత్తిడి పడిపోతుంది, బండి ఆగుతుంది. నలభై ఏళ్ళుగా ఈ ట్యాంకు మలుపుల్లో గాలి పీలుస్తూనే ఉండి ఉంటుంది. ఆ గిన్నె దాన్ని కాపాడుతూ వచ్చింది. దాన్ని తీసి పక్కన పెట్టింది నేనే.

మధ్యాహ్నం దాకా అదే పని. డిక్కీలో లీటరు పట్టే చిన్న ట్యాంకు బిగించాం. పెద్ద ట్యాంకు నుంచి తక్కువ ఒత్తిడి పంపు దీన్ని ఎప్పుడూ నింపుతూ ఉంటుంది, ఇంజెక్షన్ పంపు దీని అడుగు నుంచి తీసుకుంటుంది, మిగిలింది మళ్ళీ ఇందులోకే వస్తుంది. గొట్టాలన్నీ కొత్తవి వేశాం. ఇప్పుడు బంకుల్లో వచ్చే 20 శాతం ఇథనాల్ పెట్రోలుకు పాత రబ్బరు తట్టుకోదు. పైగా డిక్కీలో పెట్రోలు కారితే ఎంత ప్రమాదమో వేరే చెప్పక్కర్లేదు. ప్రతి క్లాంపునూ రెండుసార్లు చూశాను.

నాయన స్టూలు మీద కూర్చుని అంతా చూస్తున్నాడు. భాకరాపేట ఘాట్‌లో ఎండాకాలం పంపు వేడెక్కి పెట్రోలు ఆవిరైపోయేదని, దాని మీద తడి టవలు వేసి అమ్మా మేమూ చెట్టు కింద కూర్చునేవాళ్ళమని మేస్త్రీకి చెప్పాడు. ఆ టవలు వాసన నాకింకా గుర్తుంది.

సాయంత్రం ట్యాంకులో పావు వంతు కూడా లేకుండానే చంద్రగిరి దాకా పోయొచ్చాం. నడిపింది నాయనే. స్టీరింగ్ పక్కనుండే హ్యాండిల్ గేర్ పోయి ఇప్పుడు గేరు కింద ఉంది. ఆయన ఎడమ చెయ్యి మాత్రం రెండుసార్లు స్టీరింగ్ పక్కకే పోయింది. నాకు గుండె కలుక్కుమంది. కోట దగ్గర మలుపులో ఊపిరి బిగబట్టాను. ఇంజన్ ఆగలేదు.

"వచ్చే ఆదివారం ఘాట్ ఎక్కిద్దాం" అన్నాడు ఇంటి దగ్గర దిగుతూ.

"వద్దు నాయనా. బ్రేకులు ఇంకా పాత డ్రమ్ములే. ముందు డిస్కులు పడనీ."

కాసేపు ఆలోచించాడు. "సరే, వేసినాక చెప్పు" అని తాళం జేబులో వేసుకుని లోపలికి వెళ్ళిపోయాడు.