అర్ధరాత్రి రౌటర్ లైటు ఎందుకు కొట్టుకుంటోంది?

ఇంట్లో అందరూ పడుకున్నాక కూడా వైఫై లైటు టకటకా కొట్టుకుంటుంటే కంగారు పడకండి. ఫోన్లు ఫొటోలు బ్యాకప్ చేస్తుంటాయి, టీవీ అప్‌డేట్ దించుకుంటుంది. బయటివాళ్లెవరైనా మన వైఫై వాడుకుంటున్నారా అన్నది లైటును బట్టి తేల్చలేం, రౌటర్‌కు కనెక్ట్ అయిన పరికరాల లిస్టు చూడాల్సిందే.

బ్రౌజర్‌లో 192.168.1.1 గానీ 192.168.0.1 గానీ కొట్టండి. తెరుచుకోకపోతే ఫోన్ వైఫై వివరాల్లో గేట్‌వే అని ఉన్న నంబరు వాడండి. లోపల కనెక్ట్ అయిన పరికరాల పేజీలో ఒక్కోదానికీ మ్యాక్ అడ్రస్ (పరికరాన్ని గుర్తించే అంకెలు, అక్షరాల కోడ్) ఉంటుంది. అందులో రెండో అంకె స్థానంలో 2, 6, A, E లలో ఏదైనా ఉంటే అది చాలావరకు ఫోన్ తనంతట తాను కల్పించుకున్న అడ్రస్. అందుకే మన ఫోనే కొత్తదానిలా కనబడొచ్చు, చూడగానే బ్లాక్ చేసేయకండి. ఇంట్లో వైఫై ఒక్కో ఫోన్‌లో ఆపుతూ, లిస్టులోంచి ఏది పోతోందో చూడండి. ఒకట్రెండు నిమిషాలు ఆగాలి.

మియాపూర్, కూకట్‌పల్లి అపార్ట్‌మెంట్లలో గోడ అవతలే పక్కింటివాళ్లు. అక్కడ ఫోన్ నంబరును పాస్‌వర్డ్‌గా పెట్టడం పెద్ద పొరపాటు. పది అంకెలే కాబట్టి కంప్యూటర్‌లో మంచి గ్రాఫిక్స్ కార్డు ఉంటే అన్ని నంబర్లూ ప్రయత్నించి దాన్ని కనిపెట్టడం గంటల పని. సంబంధంలేని నాలుగైదు తెలుగు మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో కలిపి పెట్టండి: bellamnicchenapidugucheruvu లాగా (ఇదే పెట్టేయకండి!).

డబ్ల్యూపీఎస్ (పాస్‌వర్డ్ కొట్టకుండా బటన్‌తోనో పిన్‌తోనో కనెక్ట్ అయ్యే సౌకర్యం) తప్పక ఆపేయండి. దాని పిన్ ఎనిమిది అంకెలైనా రెండు ముక్కలుగా సరిచూస్తుంది, పాత రౌటర్లలో 11,000 ప్రయత్నాల్లోపే దొరికిపోతుంది. అడ్మిన్ పాస్‌వర్డ్ కూడా మార్చండి, అది వైఫై పాస్‌వర్డ్ కాదు, రౌటర్ సెట్టింగుల పేజీ తెరవడానికి వాడేది. చుట్టాలకు గెస్ట్ నెట్‌వర్క్ (అతిథుల కోసం విడిగా ఉండే వైఫై) ఇస్తే చాలు.