సగం సగం స్కార్ఫ్

నిన్న శనివారం లండన్‌లో మొదటిసారి స్టేడియంలో కూర్చుని ఫుట్‌బాల్ మ్యాచ్ చూశాను. మొత్తం చూశానని చెప్పలేను, అదే నా బాధ. ఇంగ్లండ్‌లో అన్నిటికంటే పై స్థాయి లీగ్, ప్రీమియర్ లీగ్ మ్యాచే. క్లబ్ పేరు మాత్రం చెప్పను, కోపం ఇంకా చల్లారలేదు.

టికెట్ కావాలంటే ముందు మెంబర్‌షిప్ కట్టాలన్నారు, కట్టాను. ఆన్‌లైన్ క్యూలో గంటన్నర కూర్చుంటే ఒక్క సీటు దొరికింది. బయట ఎవరో అమ్ముతున్నారని ఆశపడకండి. అనుమతి లేకుండా మ్యాచ్ టికెట్లు తిరిగి అమ్మడం ఇక్కడ 1994 నుంచి నేరం. టికెట్ ఫోన్‌లోకే వచ్చింది, గేటు దగ్గర ఆనించగానే దారి ఇచ్చింది. బ్యాగు ఇంట్లోనే వదిలేసి వెళ్లాను, ఆ తెలివైనా ఉన్నందుకు నన్ను నేను మెచ్చుకుంటున్నాను.

లేని తెలివి స్కార్ఫ్ దగ్గర బయటపడింది. స్టేషన్ నుంచి నడుస్తుంటే రోడ్డు పక్కన ఒకాయన స్కార్ఫులు అమ్ముతున్నాడు. ఒక సగం ఈ టీమ్ రంగు, ఇంకో సగం ఆ టీమ్ రంగు, మధ్యలో మ్యాచ్ తేదీ. "ఫస్ట్ మ్యాచా? గుర్తుగా ఉంటుంది, తీసుకో" అన్నాడు. పది పౌండ్లు పెట్టి కొని మెడలో వేసుకున్నాను. అలాంటి స్కార్ఫ్ చూస్తే ఇక్కడి అసలు అభిమానులకు ఒళ్లు మంట అని ఆ మహానుభావుడు చెప్పలేదు.

నా సీటు ఆ స్టేడియం సొంత టీమ్ అభిమానుల మధ్య. వచ్చిన టీమ్ వాళ్లకు ఒక మూల వేరే బ్లాక్, మధ్యలో ఖాళీ సీట్లు, జనాన్ని అదుపులో ఉంచే స్టేడియం సిబ్బంది, అంటే స్టీవర్డుల వరుస. మెట్లెక్కి పైకి రాగానే ఒక్కసారిగా కనిపించే ఆ పచ్చగడ్డి టీవీలో ఎప్పుడూ అలా కనబడలేదు. పాటలు ఆగవు. పక్కన ఒక పెద్దాయన కూర్చున్నాడు. ఆఫ్‌సైడ్ అని, అంటే బంతి అందించే క్షణానికే ఆటగాడు డిఫెండర్లను దాటి ముందున్నాడని, నేను ఆయనకంటే ముందే రెండుసార్లు పసిగట్టాను, ఆయన మెచ్చుకోలుగా తలూపాడు కూడా.

అరగంట దాటాక వచ్చిన టీమ్ వాడు పెనాల్టీ బాక్స్ బయటి నుంచి కొట్టాడు. బంతి వంపు తిరిగి పై మూలలో దూరింది. క్రికెట్ చూసి పెరిగినవాణ్ణి, ఎవరు సిక్స్ కొట్టినా చప్పట్లు కొట్టడం అలవాటు. లేచి నిలబడి "ఏం గోల్!" అని చప్పట్లు కొట్టాను. మూడు చప్పట్ల తర్వాత తెలిసింది, ఆ వైపు స్టాండ్ మొత్తంలో నిలబడింది నేనొక్కడినే అని.

ముందు వరుసలో ఒకడు వెనక్కి తిరిగి నా మొహం చూశాడు, తర్వాత మెడలో స్కార్ఫ్ చూశాడు. అన్న మాట ఇక్కడ రాయలేను. నారింజ రంగు జాకెట్ వేసుకున్న స్టీవర్డు మెట్ల మీద నిలబడి వేలితో రమ్మన్నాడు. వరుసలో పన్నెండు మంది మోకాళ్లు దాటుకుంటూ "సారీ, సారీ" అంటూ వెళ్లాను. ఎవరో చేతులూపుతూ వీడ్కోలు పాట అందుకున్నారు, వెనక వందల గొంతులు కలిశాయి. స్కూల్లో బెంచీ ఎక్కించినప్పుడు కూడా నాకింత సిగ్గు వేయలేదు.

స్టాండ్ కింద నడవాలో నిలబెట్టి విచారణ. ఏ టీమ్ అభిమానివి? ఎవరి టీమూ కాదు, ఆట చూడటానికి వచ్చాను. ఆ జవాబు అతనికి అర్థమే కాలేదు. పైవాడిని పిలిచాడు, ఆయన ఇంకొకరికి వాకీటాకీలో చెప్పాడు. వచ్చిన టీమ్‌ని సపోర్ట్ చేసేవాళ్లు ఇక్కడ కూర్చోకూడదని టికెట్ షరతుల్లో ఉందట. గొడవలు జరగకూడదని పెట్టారు, ఒప్పుకుంటాను. కానీ మంచి గోల్‌కి చప్పట్లు కొడితే నేరమా? ఆటను ప్రేమించమంటారు, సగాన్నే ప్రేమించాలంటారు.

అంతలో పైకప్పు అదిరేలా అరుపు. సొంత టీమ్ గోల్ కొట్టింది. నేను ధైర్యంగా ఎగరదగ్గ ఒక్క గోలూ గోడ అవతలే అయిపోయింది. ఫోన్ మోగింది, ఇండియా నుంచి బావమరిది మెసేజ్: "బావా, గోల్ చూశావా? అదిరింది!" శనివారం మధ్యాహ్నం మూడింటి మ్యాచ్‌లు ఇంగ్లండ్‌లో టీవీలో లైవ్ వేయరు, ఇండియాలో మాత్రం వేస్తారు. సోఫాలో పడుకున్న వాడు చూశాడు, డబ్బు పోసి వచ్చిన నేను చూడలేదు.

చివరికి స్కార్ఫ్ తీసి జేబులో పెట్టుకుంటే వదిలేస్తామన్నారు. అప్పటికి హాఫ్‌టైమ్. గ్రౌండ్ కనబడే చోట మందు తాగకూడదని 1985 నుంచి చట్టం ఉంది కాబట్టి జనమంతా బీరు కోసం కిందికి దూకుతున్నారు, నేనొక్కడినే ఎదురీదుతూ పైకి వెళ్లాను. పెద్దాయన జరిగి చోటిచ్చాడు. "మంచి గోల్ పోగొట్టుకున్నావు" అని, అది ఎలా పడిందో చేతులతో ఆడి చూపించాడు. రెండో సగమంతా చేతులు జేబుల్లోనే పెట్టుకుని చూశాను. 1-1.

బయటికొస్తే స్కార్ఫులాయన అక్కడే ఉన్నాడు. మిగిలినవి ఐదు పౌండ్లకే ఇస్తున్నాడు.