తోడు వేసిన అల్లం సోడా

అల్లం చెక్కు తీయకండి. ఈ మాట ముందే చెప్పేస్తే గాని నా మనసు కుదుటపడదు. కూరలోకి తీసినట్టే శుభ్రంగా చెక్కు తీసి మొదటి రెండు సీసాలూ పారబోసుకున్నాను. సోడాకి గ్యాసు పుట్టించే ఈస్టు ఉండేది ఆ చెక్కు మీదే.

మాది రాజోలు దగ్గర పల్లె. ఇంట్లోనే జాకెట్లు కుడతాను, మా ఆయన ఆటో నడుపుతారు. ఏప్రిల్ వస్తే మధ్యాహ్నం ఇంటికొచ్చే మనిషి చేతికి చల్లగా ఏదో ఒకటి ఇవ్వాలనిపిస్తుంది, రోజూ కూల్ డ్రింకు కొనే స్తోమత మాకు లేదు. "బీరే చెయ్యొచ్చుగా అక్కా" అన్నాడు మా తమ్ముడు. లైసెన్సు లేకుండా ఇంట్లో మద్యం చేస్తే నేరం, పైగా నాకు కావలసింది అది కాదు. గొంతులో ఘాటు తగలాలి, ముక్కు చురుక్కుమనాలి, అంతే.

సోడా పులియడానికి ముందుగా అల్లం, పంచదార, నీళ్లు పులియబెట్టి ఉంచుకుంటారు, వీడియోల్లో దాన్ని జింజర్ బగ్ అంటున్నారు. నేను తోడు అంటాను, పెరుగు తోడు లాంటిదే కాబట్టి. ఖాళీ పచ్చడి సీసాలో అరలీటరు నీళ్లు, రెండు చెంచాల తురిమిన అల్లం, రెండు చెంచాల పంచదార వేసి, పైన పల్చటి లైనింగు గుడ్డ కట్టాను. రోజూ పొద్దున్నే ఒక చెంచా అల్లం, ఒక చెంచా పంచదార వేసి కలపాలి. కుళాయి నీళ్లు పనికిరావు, బ్లీచింగు ఈస్టుని చంపేస్తుంది. మా బోరు నీళ్లేమో ఉప్పన. అందుకని తాగడానికి కొనే ఫిల్టర్ నీళ్ల టిన్నులోంచే తీస్తాను. వీడియోలో వారం పడుతుందన్నారు గాని, మా ఎండలకి మూడో రోజు పొద్దున్నకే అల్లం తురుమంతా పైకి తేలి, సీసా మూతి దగ్గర చెవి పెడితే సన్నగా చిటపటమంది. ఆ చప్పుడు వినగానే మా నాన్న గుర్తొచ్చాడు.

సోడాకి ముప్పావు లీటరు నీళ్లలో 60 గ్రాముల అల్లం దంచి వేసి, 160 గ్రాముల పంచదార కలిపి పది నిమిషాలు మరిగిస్తాను. దించి, లీటరు చల్లటి నీళ్లు పోసి, పూర్తిగా చల్లారాకే రెండు నిమ్మకాయల రసం, టీ గ్లాసుడు తోడు కలుపుతాను. వేడిమీద పోస్తే తోడు చచ్చిపోతుంది. వడగట్టి, కడిగిపెట్టుకున్న రెండుంపావు లీటర్ల ప్లాస్టిక్ కూల్ డ్రింకు సీసాలో, పైన నాలుగు వేళ్లు వెలితి ఉంచి పోసి బిగిస్తాను. ఖర్చు చూస్తే అల్లం 8 రూపాయలు, పంచదార 7, నిమ్మకాయలు 10, నీళ్లు 1. వంటగ్యాసు కాక మొత్తం 26 రూపాయలు.

ప్లాస్టిక్ సీసా అని ఎందుకు నొక్కి చెబుతున్నానో వినండి. చూడ్డానికి బాగుంటుందని మూడోసారి సాస్ వచ్చిన గాజు సీసాలో పోసి, మూత బిగించి, మిషన్ పక్కన అలమరలో పెట్టాను. మర్నాడు మధ్యాహ్నం కరెంటు పోయింది, నేను అరుగు మీదకొచ్చి కూర్చున్నాను. లోపల పటాసు పేలినట్టు వినిపించింది. గాజు ముక్కలు మిషన్ తొక్కుడు బల్ల దాకా ఎగిరాయి. ఒకావిడ పట్టు జాకెట్టు గుడ్డలో కూడా గుచ్చుకున్నాయి. ఒక్కొక్కటే సూదితో తీశాను, మరక మాత్రం పోలేదు. గుడ్డ డబ్బులు ఆవిడకి నేనే కట్టాను. నేను మిషన్ మీద కూర్చునుంటే ఏమయ్యేదో అని ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మర్నాడు నాన్నకి చెప్పాను. ముప్పై ఏళ్లు తాడిచెట్లెక్కి కల్లు గీసిన మనిషి, ఇప్పుడు మోకాళ్లు అరిగి మంచం దిగడమే కష్టం. అంతా విని, "కల్లు చెట్టు మీదే పులవడం మొదలవుద్దమ్మా. పొద్దున్న తియ్యగా ఉన్నది మధ్యాహ్నానికి పుల్లన. లొట్టిలో సున్నం రాస్తే ఆగుద్ది, అదే నీరా. నువ్వు సున్నం రాయలేవు కదా, ఫ్రిజ్జులో పెట్టు" అన్నాడు. నెలరోజులు వీడియోలు చూసినా నాకు ఎక్కని సంగతి అది. ఎన్ని రోజులు ఉంచాలి అని కాదు నేను అడగవలసింది, ఎప్పుడు ఆపాలి అని. ఫ్రిజ్జు కూడా పూర్తిగా ఆపదు, నెమ్మది చేస్తుంది, అందుకే రెండు మూడు రోజుల్లో తాగేస్తాం.

ఇప్పుడు సీసా నాన్న మంచం పక్కనే ఉంటుంది. పోసిన పూట నొక్కితే వేలు లోపలికి దిగుతుంది. కొన్ని గంటలకి పండిన జామకాయలా మెత్తగా ఎదురు తిరుగుతుంది. రాయిలా గట్టిపడి, వేలికి లొంగకపోతే అప్పుడే ఫ్రిజ్జులోకి. ఏప్రిల్లో ఒక పగలూ ఒక రాత్రీ చాలు, సంక్రాంతికి మూడు రోజులు పట్టింది. మూత ఒక్కసారే తిప్పకూడదు. కాస్త వదులు చేసి, బుస్సుమన్న గాలి పోయాక మళ్లీ బిగించి, రెండోసారి తీయాలి. పులిసినదే కాబట్టి దీనిలో కొంచెమైనా ఆల్కహాలు పుడుతుంది. చిన్న పిల్లలకీ, కడుపుతో ఉన్నవాళ్లకీ నేను ఇవ్వను.

నిన్న పక్కింటి వదిన గ్లాసుడు తోడు అడిగి పట్టుకెళ్లింది. ఆవిడకీ మొదట చెప్పింది చెక్కు సంగతే. మా సీసా రాత్రి ఎనిమిదింటికి పోశాను. ఇందాక నాన్న నొక్కి చూసి, "ఇంకా పచ్చిగానే ఉంది, సాయంత్రం చూద్దాం" అన్నాడు.