రోడ్డు పక్క మొక్కకు తొలి మూడు వేసవులు

మా కాలనీ ముందు నుంచి వెళ్లే పెద్ద రోడ్డుకు ఇరువైపులా ఆరేళ్ల క్రితం ఒక ఆదివారం ఉదయం మేమంతా కలిసి 40 మొక్కలు నాటాము. పిల్లలు, పెద్దలు, పదవీ విరమణ చేసినవారు అందరూ వచ్చారు, ఫొటోలు కూడా తీసుకున్నాము. మరుసటి ఏడాది వానలు మొదలయ్యేనాటికి లెక్క చూస్తే 7 మాత్రమే బతికి ఉన్నాయి. ఆ ఏడూ ఎవరో ఒకరి గేటు ఎదురుగానో, దుకాణం ముందో ఉన్నవే. రోజూ ఎవరి కంటనైనా పడిన మొక్కకు నీళ్లు అందాయి, పడనిదానికి అందలేదు. నాటడానికి ఒక ఉదయం చాలుతుందని, నిలబెట్టడానికి కనీసం మూడు వేసవులు కావాలని అప్పటికి మాకు తెలియదు.

అయితే కారణం నీళ్లు ఒక్కటే కాదు. ఎండిపోయిన ఒక కానుగ మొక్కను పెకలించి చూశాను. దాని వేళ్లు నర్సరీ నుంచి తెచ్చిన నల్ల ప్లాస్టిక్ సంచి ఆకారంలోనే ముద్దగా చుట్టుకుని ఉన్నాయి, ఒక్కటి కూడా బయటి మట్టిలోకి పోలేదు. గుంత గోడను గునపంతో గీకితే కంకర, సిమెంటు పెచ్చులు, తారు ముక్కలు రాలాయి. రోడ్డు వేసేటప్పుడు బరువు మోయడానికి అంచుల నేలను కూడా రోలర్లతో అణగదొక్కుతారు కాబట్టి, ఆ మట్టిలో గాలి ఆడే సందులు మూసుకుపోతాయి. వేరుకు నీరు ఎంత అవసరమో గాలి కూడా అంతే అవసరం. అందువల్ల రెండోసారి మేము గుంతలను లోతు కంటే వెడల్పుగా తవ్వి, పెచ్చులన్నీ ఏరివేసి, మంచి మట్టిలో బాగా మాగిన ఎరువు కలిపి నింపాము, సంచిలో చుట్టుకుపోయిన వేళ్లను చేత్తో విడదీసి మరీ నాటాము. 40 కాదు, 12 మాత్రమే నాటాము. వేసవిలో ఎన్నింటికి నీళ్లు మోయగలమో ముందుగా లెక్కవేసుకున్న తరువాతే ఆ సంఖ్యకు వచ్చాము. ఆ మొక్కలన్నీ ఫుట్‌పాత్ వెంబడే ఉన్నాయి, ఒక్కొక్కటి ఒక్కో ఇంటివారి లేదా దుకాణంవారి బాధ్యత.

చెట్లు దారి పక్కన ఉండాలన్న ఆలోచన చాలా పాతది. అశోకుడి ఏడవ స్తంభ శాసనంలో, మనుషులకూ పశువులకూ నీడ కోసం దారుల వెంట మర్రిచెట్లు నాటించినట్లు, మామిడి తోటలు పెంచినట్లు ఉంది. ఆ వెంటనే బావులు తవ్వించిన సంగతి వస్తుంది. ఆ మాట చదివినప్పుడల్లా నాకు మా నీళ్ల డబ్బాలే గుర్తుకొస్తాయి. మన కాలానికి వస్తే, 1973లో న్యూయార్క్‌లో లిజ్ క్రిస్టీ అనే కళాకారిణి, ఆమె మిత్రులు కలిసి బవరీ, హ్యూస్టన్ వీధుల కూడలిలో చెత్త పేరుకుపోయిన ఖాళీ స్థలాన్ని శుభ్రం చేసి తోటగా మార్చారు. ఈనాటికీ ఆ తోట ఆమె పేరుతోనే ఉంది, స్వచ్ఛంద కార్యకర్తలే దాన్ని చూసుకుంటున్నారు. ఒక రోజు నాటిన ఉత్సాహంతోనే అది యాభై ఏళ్లు నిలిచి ఉండేది కాదు.

మొక్కలు నాటితే గాలి శుభ్రమవుతుందని అందరం సులువుగా అనేస్తాము. ఈ విషయంలో కాస్త జాగ్రత్తగా మాట్లాడాలని నా అభిప్రాయం. సూక్ష్మ ధూళి కణాల సగటు ఏడాదికి ఘనపు మీటరు గాలిలో 5 మైక్రోగ్రాములకు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించింది. రద్దీ రోడ్ల గాలిని అంత తక్కువకు దించడం పది చెట్లతో అయ్యే పని కాదు, వాహనాల పొగ తగ్గాల్సిందే. చెట్టు చేసేది వేరు. నడిచేవారికీ వాహనాలకూ మధ్య దట్టంగా పెరిగిన పొదల వరుస, పొగ నేరుగా ముఖానికి తగలకుండా కొంత అడ్డుకుంటుంది. ఆకులు గరుకుగా, నూగుతో ఉంటే దుమ్ము ఎక్కువ పట్టుకుంటాయి. అదే రెండువైపులా ఎత్తైన భవనాలున్న ఇరుకు రోడ్డులో కొమ్మలు గొడుగులా కమ్ముకుంటే, గాలి ఆడక పొగ కిందే నిలిచిపోయే ప్రమాదం కూడా ఉంది. కాబట్టి ఎక్కడ చెట్టు, ఎక్కడ పొద అన్నది ఆ రోడ్డును చూసి నిర్ణయించాలి. నీడ విషయంలో మాత్రం నాకు ఏ సందేహమూ లేదు. మధ్యాహ్నం బస్సు కోసం అరగంట నిలబడిన ఎవరినైనా అడగండి.

డివైడర్ల మీద గన్నేరు విరివిగా కనిపించడానికి కారణముంది. అది దుమ్మునూ ఎండనూ తట్టుకుంటుంది, తక్కువ నీటితో బతుకుతుంది, రాత్రివేళ ఎదురుగా వచ్చే వాహనాల హెడ్‌లైట్ల వెలుగును అడ్డుకుంటుంది. అయితే దాని ఆకు, పువ్వు, కొమ్మ అన్నీ విషమే. కత్తిరించేవారు చేతితొడుగులు వేసుకోవాలి, పిల్లలు ఆడుకునే చోట దాన్ని నాటకపోవడమే మంచిది. కూడళ్ల దగ్గర ఏ పొదనూ మోకాలి ఎత్తు దాటనివ్వకూడదు, రోడ్డు దాటే చిన్నపిల్ల డ్రైవరుకు కనిపించాలి. డివైడర్ మీద నీళ్లు పోయడం నగరపాలక సిబ్బందికే వదిలేయాలన్నది నా మాట. అనుమతి తీసుకుని మీరే పోయదలిస్తే, వాహనాలు తక్కువగా ఉండే తెల్లవారుజామున, మెరిసే జాకెట్లు వేసుకునే వెళ్లండి.

నీళ్లు పోయడంలోనూ ఒక పద్ధతి ఉంది. రోజూ ఒక చెంబు పోస్తే పైమట్టి తడిసి, వేళ్లు పైపైనే తిరుగుతాయి. వారానికి రెండుసార్లు, అడుగున సన్నని రంధ్రం చేసిన బకెట్‌ను మొదలు పక్కన పెట్టి నిండుగా నింపితే, నీరు నెమ్మదిగా లోపలికి దిగుతుంది, వేరు దాని వెంట కిందికి పోతుంది. మొక్క మొదలు చుట్టూ రాలిన ఆకులను కప్పితే తడి త్వరగా ఆరదు. ఆ ఆకుల కోసం రోడ్డు ఊడ్చే అక్కలను అడిగాము. వాళ్లు ఆకులు ఇవ్వడమే కాదు, ఏ మొక్క వాడిపోతోందో మాకంటే ముందే గమనించి చెప్పేవారు. ఈ పనిలో వాళ్లను మొదటి రోజే కలుపుకోకపోవడం మా పొరపాటు.

ఇంకొక పొరపాటు నా సొంతం. ఒక మొక్కను ట్రీ గార్డుకు ఇనుప తీగతో కట్టి మర్చిపోయాను. రెండేళ్ల తరువాత చూస్తే తీగ బెరడులోకి దిగిపోయి, దానికి పైన కాండం ఉబ్బి, కింద సన్నగా మిగిలింది. ఆకులు తయారుచేసుకున్న ఆహారం బెరడు లోపలి పొర గుండానే వేళ్లకు చేరుతుంది, ఆ దారిని నేను కట్టేశాను. తీగను కత్తిరించి తీసినా ఆ మొక్క నిలవలేదు. ఇప్పుడు పాత నూలు గుడ్డతో, ఎనిమిది అంకె ఆకారంలో వదులుగా కడుతున్నాము, ప్రతి ఆరు నెలలకూ విప్పి మళ్లీ కడుతున్నాము. మరొక మొక్క ఒక రాత్రి కేబుల్ కోసం తవ్విన కాలువలో వేళ్లు తెగి పోయింది. ఆ తవ్వినవారు ముందుగా ఒక్క మాట చెప్పి ఉంటే, ఆ కాలువ రెండడుగులు పక్కకు జరిగి ఉండేదన్న బాధ నాకు ఇంకా ఉంది. ఆ తరువాత మా మొక్కల చోట్లను గుర్తించిన పటాన్ని వార్డు కార్యాలయంలో ఇచ్చి, తవ్వకాలకు ముందు ఫోన్ చేయమని కోరాము.

12లో 10 ఇప్పుడు నా ఎత్తు దాటాయి, వాటికి నీళ్లు మోయాల్సిన పని లేదు. పోయిన ఆదివారం వాటి చుట్టూ ఫుట్‌పాత్ పలకలు మొదలును ఒరుసుకోకుండా మీటరు మేర తీయించాము. ఖాళీగా ఉన్న రెండు గుంతలను మళ్లీ తవ్వుతున్నాము. వాటిలో ఒకదానిలో పెచ్చులు ఏరడం సగమే అయింది, మిగతా సగం ఈ వారం మా వీధి చివరి ఇంటి వాళ్ల వంతు.