43 ఫైళ్లు, ఒక కాపీరైట్ నోటీసు: నా అనుభవం

పరీక్షలు అయ్యాక, జూనియర్లకు పనికొస్తాయని మా కోర్సు ఫోల్డర్ మొత్తం నోట్స్ పంచుకునే ఒక వెబ్‌సైట్‌లో పెట్టేశాను. మొత్తం 43 ఫైళ్లు. పైసా ఆశించలేదు. మూడు వారాలకు మెయిల్ వచ్చింది: కాపీరైట్ ఫిర్యాదు అందింది, అన్నీ తీసేశాం, మళ్లీ జరిగితే అకౌంట్ మూసేస్తాం అని.

కాసేపు టెన్షన్ పడ్డాను, తర్వాత కోపం వచ్చింది. క్లాసులో అందరికీ ఇచ్చినవే కదా? స్లైడ్ల మీద కాపీరైట్ గుర్తు కూడా లేదే! ఆ ఊపులోనే అభ్యంతరం చెప్పే ఫారం తెరిచాను. అమెరికాలో 1998 నాటి డీఎంసీఏ అనే డిజిటల్ కాపీరైట్ చట్టం పాటించే సైట్లు దీన్ని కౌంటర్ నోటీస్ అంటాయి. పేరు, అడ్రస్ రాయాలి, అవి ఫిర్యాదుదారుకు వెళ్తాయి. పొరపాటున తీసేశారని నిజంగా నమ్ముతున్నట్టు సంతకం చేయాలి, అబద్ధమని తేలితే తప్పుడు ప్రమాణం చేసినట్టే. 43 ఫైళ్లకూ ఆ మాట చెప్పగలనా? ఫారం మూసేశాను.

చదవడం మొదలుపెడితే నా వాదన మొదటి రోజే కూలిపోయింది. కాపీరైట్ మీద దేశాల మధ్య కుదిరిన 1886 నాటి బెర్న్ ఒప్పందాన్ని 1908లో సవరించినప్పుడే హక్కుకు రిజిస్ట్రేషన్ లాంటి లాంఛనాలు అక్కర్లేదన్నారు. గుర్తు లేకపోయినా రాసినవాళ్లకు హక్కు ఉంటుంది. ఉపన్యాసాలను కూడా ఆ ఒప్పందం రచనల్లోనే చేర్చింది.

అందుకని ఒక్కో ఫైలూ విడిగా చూశాను. 11 పుస్తకం స్కాన్లు, వాటి గురించి ఆలోచించడానికేమీ లేదు, నా కంప్యూటర్‌లోనూ తీసేశాను. 5 అసైన్‌మెంట్ జవాబుల్లో రెండు నా స్నేహితురాలివి. అడగకుండా పెట్టానని తెలిసి రెండు రోజులు మాట్లాడలేదు. నోటీసు కన్నా అదే ఎక్కువ బాధపెట్టింది. ఆ ఐదూ వదిలేశాను.

నా సొంత నోట్స్ 9. విషయం ఎవరి సొత్తూ కాదు, దాన్ని చెప్పిన మాటలకూ గీసిన బొమ్మలకే హక్కు. ఆ లెక్కన ఆరు నావే. మిగతా మూడింటిలో సార్ మాటలు యథాతథంగా దించేసి, ఆయన బొమ్మలు అతికించాను. వాటిని నావని ఎలా అనగలను?

మిగిలినవి 18 సెట్ల స్లైడ్లు. సార్‌కు క్షమాపణ చెబుతూ రాశాను. ఫిర్యాదు చేసింది ఆయనేమో అనుకున్నాను, కాదట. పాఠ్యపుస్తకం బొమ్మలు స్లైడ్లలో ఉన్నాయని ప్రచురణకర్త చేశారట. "క్లాసులో చూపించడం వరకే నాకు వీలు, బయట పెట్టమని నీకు చెప్పే హక్కు నాకూ లేదు" అన్నారు. ఈ కోణం నాకు తట్టనే లేదు. రెండు వారాలకు, అలాంటి బొమ్మలు లేని 12 సెట్ల మీద పేరు చెప్పాలి, అమ్మకూడదు అనే క్రియేటివ్ కామన్స్ (అందరూ వాడుకోవడానికి ముందే ఇచ్చే అనుమతి) షరతు రాసి, తనే పంపారు.

నా ఆరు నోట్స్‌కే కౌంటర్ నోటీస్ పంపాను. అవతలివాళ్లు కోర్టుకు వెళ్లకపోతే 10 నుంచి 14 పనిదినాల్లో తిరిగి పెట్టాలి. నావి 12వ పనిదినాన వచ్చాయి. మిగతా మూడూ నా మాటల్లో తిరగరాసి, బొమ్మలు నేనే గీశాను. ఒక బొమ్మ మాత్రం ఎన్నిసార్లు గీసినా కుదరలేదు. దాని చోట "క్లాసులో చూడండి" అని రాసి వదిలేశాను.