కత్రినా లెక్క, బుడమేరు లెక్క: పిల్లలు అడిగితే ఏం చెప్పాలి?

అమెరికాలో పెరిగే మన పిల్లలు ఎప్పుడో ఒకప్పుడు కత్రినా తుఫాను గురించి వింటారు. 2005లో న్యూ ఆర్లీన్స్ మునిగిందని, నల్లజాతివాళ్ళు మళ్ళీ కోలుకోలేకపోయారని విని ఎందుకని అడుగుతారు. "అది వాళ్ళ గొడవ, నువ్వు లెక్కలు చేసుకో" అనేస్తాం. నిజానికి లెక్కలు చేయించే చెప్పొచ్చు.

ఇళ్ళు బాగుచేసుకోవడానికి న్యూ ఆర్లీన్స్ ఉన్న లూసియానా రాష్ట్రంలో 'రోడ్ హోమ్' అనే పథకం పెట్టారు. గరిష్ఠంగా 1,50,000 డాలర్లు. మరమ్మతు ఖర్చు, తుఫానుకు ముందు ఇంటి ధర, ఈ రెంటిలో ఏది తక్కువైతే దాని మీదే సాయం కట్టారు. రెండిళ్ళు అనుకోమనండి. రెండింటికీ మరమ్మతు 1,40,000. తెల్లవాళ్ళ పేటలో ఇంటి ధర 2,00,000, కాబట్టి పూర్తి ఖర్చే లెక్కలోకి వస్తుంది. నల్లవాళ్ళ పేటలో అంతే ఇంటికి ధర 80,000. లెక్క అక్కడే ఆగిపోతుంది. మిగతా 60,000 ఎవరిస్తారు? ఈ సూత్రంలో రంగు మాటే లేదు. పేటల ధరల్లో అది ఎప్పుడో చేరిపోయింది. అక్కడి నల్లవాళ్ళు కోర్టుకెళ్తే 2011లో 6 కోట్ల 20 లక్షల డాలర్లకు రాజీ కుదిరింది. అప్పటికి ఆరేళ్ళు గడిచిపోయాయి.

సెలవుల్లో విజయవాడ వచ్చినప్పుడు సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట వైపు తీసుకెళ్ళండి. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు గట్లు తెగి మునిగిన పేటలవి. ప్రభుత్వం కింది అంతస్తుల్లో ఉన్నవాళ్ళకు 25,000, పై అంతస్తులవాళ్ళకు 10,000, ఆటోకు 10,000 రూపాయలు ప్రకటించింది. పిల్లల్ని ఒక ఆటో దగ్గర నిలబెట్టి చెప్పండి. మునిగిన బండికి ఆత్రంగా సెల్ఫ్ కొడితే, సిలిండర్‌లో చేరిన నీళ్ళకు కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ముందు బ్యాటరీ వైరు పీకి ఇంజనాయిల్ దించాలి. పాలు కలిపిన టీ రంగులో వస్తే నీళ్ళు చేరినట్టే. కొత్త ఆయిల్ పోసి, సిలిండర్‌లో నీళ్ళు లేవని చూసుకున్నాకే కాసేపు నడిపి, మళ్ళీ మార్చాలి. ఎయిర్ ఫిల్టర్, వైరింగ్ ఖర్చు వేరే. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఒక్కటే ఉంటే వరదకు పైసా రాదు. బండి షెడ్డులో ఉన్నన్నాళ్ళూ కిరాయి ఉండదు, ఫైనాన్స్ కిస్తీ మాత్రం ఆగదు. బయట వడ్డీకి తెచ్చేది అప్పుడే.

"అలాంటి చోట ఎందుకున్నారు?" అని పిల్లలు తప్పకుండా అడుగుతారు. అద్దె తక్కువ కాబట్టి. ఇక్కడ కులం ఎక్కడ పనిచేస్తుందో కూడా దాచకండి: ఎవరికి సొంత స్థలం ఉంది, ఆపదలో చేయి చాస్తే అప్పిచ్చే చుట్టాలు ఎవరికున్నారు అన్నదాంట్లో. మన ఇళ్ళల్లో ఈ మాట ఎత్తం. అందుకే పిల్లలు వివక్షంటే అమెరికా జబ్బనుకుంటారు.

ఇక మన చేతిలో ఉన్న పని. ఊళ్ళో మనకున్న కింది వాటాలు అద్దెకిచ్చి, అగ్రిమెంటు రాయకుండా వదిలేసినవాళ్ళం చాలామందిమి. నష్టం రాసుకునేవాళ్ళు వచ్చినప్పుడు ఆధార్ వేరే ఊరిదై, అద్దె కాగితం లేకపోతే, ఆ ఇంట్లోనే ఉన్నామని నిరూపించుకోవడం ఎంత కష్టం! ఈసారి వెళ్ళినప్పుడు అద్దెకున్నవాళ్ళ పేరు, డోర్ నంబరుతో సహా అగ్రిమెంటు రాసివ్వండి. దాంతో ఆధార్‌లో చిరునామా మార్చుకోవచ్చేమో కనుక్కోమనండి. బ్యాంకు ఖాతాకు ఆధార్ కలిసిందో లేదో చూసుకోమనండి, లేకపోతే మంజూరైన డబ్బూ జమ కాకపోవచ్చు. సంతకం పెట్టేటప్పుడు పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకోండి, ఈ కాగితం ఎందుకో అద్దెకున్నవాళ్ళనే అడగనివ్వండి.