ప్రాంప్టరు డైరీ, బుధవారం

పొద్దున డాబా మీద పళ్ళు తోముకుంటుంటే నెత్తి మీంచి ఆ 9 సీట్ల చిన్న సెస్నా విమానం వెళ్ళింది. మా జయపురంలో దాన్ని తలెత్తి చూడనివాళ్ళు ఇంకా తయారవలేదు. ఎదురింటి ఒడియా మాస్టారు కూడా పేపరు దించి చూస్తారు. మా అక్క కూతురు మాత్రం చూసి ఊరుకునే రకం కాదు. ప్లస్ టూ అవగానే పైలట్ ట్రైనింగ్ అంటూ రెండు నెలలుగా ఒకటే గొడవ.

"సినిమావాళ్ళ సరదాలు మనకెందుకే?" అన్నాను ఉప్మా తింటూ.

"సరదాకైతే ప్రైవేటు లైసెన్సు చాలు మావయ్యా. దాంతో డబ్బు తీసుకుని నడపకూడదు. కమర్షియల్ లైసెన్సుకి 200 గంటలు ఎగరాలి" అని మొదలుపెట్టి, జేమ్స్ స్టువర్ట్ దగ్గరికి వెళ్ళింది. ఆ పాతకాలం హాలీవుడ్ హీరోని బరువు చాలదని సైన్యం వెనక్కి పంపేస్తే, ఒళ్ళు చేసి మళ్ళీ వెళ్ళాడట. 1941 ఫిబ్రవరిలో ఆస్కార్ అందుకుని మార్చిలో సైన్యంలో చేరిపోయాడు. యుద్ధంలో 20 సార్లు బాంబర్ విమానాల్లో దాడులకు వెళ్ళాడు. 1959కి ఎయిర్‌ఫోర్స్ రిజర్వులో బ్రిగేడియర్ జనరల్. ఇక సరదా అనడానికి నాకు నోరు రాలేదు.

షాపులో కూర్చున్నా బుర్రలో తిరిగింది మాత్రం అది చెప్పిన ఇంకో హాలీవుడ్ హీరో హారిసన్ ఫోర్డ్ సంగతే. యాభై దాటాక పట్టుబట్టి విమానం నడపడం నేర్చుకున్నాడు. 2000లో కొండమీద చిక్కుకున్న ఒకావిడని సొంత హెలికాప్టర్‌లో కిందికి తెచ్చాడు. అంతటివాడు 2017లో కాలిఫోర్నియాలో రన్‌వే వదిలేసి పక్కనున్న టాక్సీవే (విమానాలు రన్‌వేకి వెళ్ళొచ్చే దారి) మీద దిగాడు, అదీ 116 మంది ఉన్న విమానం మీదుగా! టవర్ వాళ్ళు చెప్పిన రన్‌వే నంబరు తిరిగి చెప్పడంలో తప్పేమీ లేదట. అలా తిరిగి చెప్పడాన్ని రీడ్‌బ్యాక్ అంటారు. విచారణ అయ్యాక లైసెన్సు మాత్రం ఉండనిచ్చారు.

పన్నెండేళ్ళుగా నాటకాల్లో తెర వెనక ప్రాంప్టింగ్ చెప్తున్నవాణ్ణి, ఈ బాధ నాకు తెలుసు. మాట అందించగలను గానీ మనిషిని తోసి సరైన చోట నిలబెట్టలేను కదా.

సాయంత్రం రిహార్సల్‌కి మా మేనకోడలూ వచ్చి వెనక బెంచీ మీద కూర్చుంది. మా కృష్ణుడికి (పగలు కిరాణా కొట్టు) పద్యం మొదటి మాట అందించాను. అక్షరం పొల్లుపోకుండా ఎత్తుకున్నాడు. ఎత్తుకుని, పాండవులకు చెప్పాల్సిన ధైర్యమంతా వెళ్ళి దుర్యోధనుడి పక్కన నిలబడి పాడాడు. దుర్యోధనుడు పాపం, ఏం చెయ్యాలో తోచక చేతులు జోడించాడు.

వెనక బెంచీ నుంచి ఒక్క అరుపు: "మావయ్యా, టాక్సీవే!"